ఇంటర్ గడప దాటని వాళ్ళ కోసం వేసిన పునాది

డిగ్రీ పట్టా పుచ్చుకున్న మనిషి చదివింది లెక్కలైనా, చరిత్రైనా, కామర్సైనా, కనీసం ఏమేం తెలిసి ఉండాలి? వినడానికి చిన్న ప్రశ్నే. దీన్ని పట్టుకుని పెద్దపెద్ద పండితులు తలలు బాదుకున్నారు. కమిటీలు వేశారు, నివేదికలు రాశారు, విదేశాలు తిరిగొచ్చారు. తీరా జవాబు ఎక్కడ దొరికిందయ్యా అంటే, కాలేజీ మెట్లు ఎక్కని వాళ్ళ కోసం పెట్టిన యూనివర్సిటీలో. అదీ మన తెలుగు నేల మీదే. ఆ కథ చాలామందికి తెలియదు. అందులో నడిచిన వాళ్ళకు కూడా తాము ఒక పెద్ద ప్రయోగంలో భాగమని అప్పట్లో తెలియదు.

కథ 1917లో హైదరాబాదులో మొదలవుతుంది. ఆ ఏడాది ప్రభుత్వ ఉన్నతాధికారి అక్బర్ హైదరీ రాసిన విజ్ఞాపన మీద నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా జారీ చేశాడు. దేశభాషలో ఉన్నత విద్య చెప్పే విశ్వవిద్యాలయం పెట్టాలన్నది దాని సారాంశం. దేశభాష అంటే ఉర్దూ. 1919లో ఆ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. పుస్తకాలు లేవు కాబట్టి వాటిని తర్జుమా చేయడానికే ప్రత్యేకంగా ఒక శాఖ వెలసింది. మన ప్రశ్నకు ఉస్మానియా ఇచ్చిన తొలి జవాబు ఇదీ: ఏ కోర్సు చదివినా ఇంగ్లిషు తప్పనిసరి. దాంతోపాటు ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతా వాళ్ళకు నీతిశాస్త్రం. మొదటిది దీనియాత్, రెండోది అఖ్లాఖియాత్. సరిగ్గా అదే ఏడు, 1919లో, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం కూడా, మొదటి ప్రపంచ యుద్ధం అయిపోగానే, తన విద్యార్థులందరికీ ఉమ్మడిగా 'సమకాలీన నాగరికత' అనే కోర్సు పెట్టింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే ముడి విప్పడానికి కూర్చున్నారు.

అయితే ఉస్మానియా జవాబు నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ, నిడమనూరు వైపు ఊళ్ళ దాకా వచ్చేది కాదు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, పై చదువంటే పట్నం. బడి మొహం చూసిన పిల్లలే తక్కువైన చోట డిగ్రీలో ఉమ్మడి పాఠం ఏముండాలన్న చర్చకు తావెక్కడిది?

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం మీద పోలీసు చర్య జరిగింది. నల్లగొండ జిల్లా ఇంకా రైతుల పోరాటంతో అట్టుడుకుతూనే ఉంది. ఆ చలికాలంలోనే ఢిల్లీలో స్వతంత్ర భారతం తన మొదటి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ను కూర్చోబెట్టింది. అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మనిషి. సభ్యుల్లో జాకిర్ హుస్సేన్ ఉన్నారు; ఆయన పుట్టింది హైదరాబాదులోనే. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా, మద్రాసు నుంచి లక్ష్మణస్వామి మొదలియార్ ఉన్నారు. అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ మోర్గన్ అయితే అక్కడ టెన్నెసీ లోయలో ఆనకట్టల సంస్థకు తొలి అధ్యక్షుడుగా ఉండి, అంతకు ముందు కాలేజీ నడిపిన ఇంజనీరు.

వీళ్ళు 1949 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో మన ప్రశ్న మొట్టమొదటిసారి సూటిగా కనబడుతుంది. ఇంటర్ నుంచే పిల్లవాణ్ణి ఒక ఇరుకు సబ్జెక్టులోకి తోసేస్తున్నామనీ, దీన్ని సరిదిద్దాలంటే ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ 'సాధారణ విద్య' కోర్సులు వీలైనంత త్వరగా పెట్టాలనీ, వాటికి పాఠ్యప్రణాళికలు, చదివే సామగ్రి తయారు చేయాలనీ చెప్పారు. సైన్సు చదివేవాడికి సమాజం గురించి, సాహిత్యం చదివేవాడికి ప్రకృతి గురించి కొంతైనా తెలియాలన్నది ఉద్దేశం. నైతిక విద్యకు కూడా మూడేళ్ళ క్రమం గీశారు: మొదటి ఏడు బుద్ధుడు, సోక్రటీసు, శంకరుడు, కబీరు, గాంధీ వంటి వాళ్ళ జీవితాలు, రెండో ఏడు అన్ని మతగ్రంథాల నుంచి ఎంచిన భాగాలు, మూడో ఏడు మతతత్త్వంలోని మూల సమస్యలు. ఇవాళ చదివినా ముచ్చటేస్తుంది. కాగితం మీద దానికి వంక పెట్టలేం.

వంకలన్నీ కాగితం బయట ఉన్నాయి. 1950ల చివర, 60ల మొదట్లో అలీగఢ్, బరోడా వంటి కొన్ని చోట్ల సాధారణ విద్యను గట్టిగానే ప్రయత్నించారు. అమెరికా ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు కూడా వచ్చింది. అయినా దేశమంతటా అది వేళ్ళూనలేదు. ఎందుకంటే రసాయన శాస్త్రం ఎమ్మెస్సీ చేసిన మేష్టారు తన రసాయన శాస్త్రం చెప్పగలడు గానీ 'సైన్సు అంటే ఏమిటి' అని చరిత్ర పిల్లలకు చెప్పమంటే ఆయనకు పుస్తకమూ లేదు, అలవాటూ లేదు. ఇక ప్రతి డిపార్టుమెంటుకూ తన గంటలు తనకు ముఖ్యం. ఉమ్మడి పేపరుకు వారానికి మూడు గంటలు కావాలంటే ఎవరో ఒకరు వదులుకోవాలి. ఎవరు వదులుకుంటారు? విద్యార్థి లెక్క మరీ సులువు: డివిజనులో కలవని మార్కుల కోసం ఎవడు చదువుతాడు! నా మటుకు నాకు, ఆ కాలపు పండితులు ఓడిపోయింది తెలివి తక్కువై కాదు. అప్పటికే కట్టేసిన ఇంట్లో కొత్త గోడ లేపబోయారు, అంతే.

ఈలోగా బ్రిటన్‌లో ఇంకో దారి తెరుచుకుంది. 1963లో లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ గ్లాస్గోలో మాట్లాడుతూ 'గాలిలో విశ్వవిద్యాలయం' అన్నాడు. రేడియో, టీవీ, పోస్టు ద్వారా చదువు చెప్పే యూనివర్సిటీ అన్నమాట. పత్రికలు నవ్వాయి. జెన్నీ లీ అనే మంత్రిణి పట్టు వదల్లేదు. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి రాయల్ చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో దాదాపు 24 వేల మందితో పాఠాలు మొదలయ్యాయి. పాత మార్కులు అడగలేదు, ఎవరినైనా చేర్చుకున్నారు. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది: ఏమీ చదవనివాడూ, ఎంతో చదివినవాడూ ఒకే వరుసలో నిలబడితే మొదటి పాఠం ఏమిటి? ఆ చిక్కులోంచే 'ఫౌండేషన్ కోర్సు' బయటపడింది. మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, గణితం, సైన్సు. ఒక్కోటీ ఒక సబ్జెక్టు కాదు, కొన్ని సబ్జెక్టులు కలిసిన గుంపు. డిగ్రీ కావాలంటే కనీసం రెండు చదవాల్సిందే. సైన్సు తీసుకున్న వాళ్ళకు జేబులో పట్టే చిన్న మైక్రోస్కోపు సహా ప్రయోగాల పెట్టె పోస్టులో ఇంటికే వచ్చేది.

మన దేశంలో పోస్టు చదువు అంతకు ముందే ఉంది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1,112 మందితో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో అదే బాట పట్టాయి. కానీ క్లాసులో చెప్పే నోట్సునే అచ్చేసి పంపడం తప్ప అందులో కొత్త ఆలోచన తక్కువ. చేరాలంటే ఇంటర్ పాసై ఉండాల్సిందే. ఓపెన్ యూనివర్సిటీ మీద 1970 డిసెంబరులో ఢిల్లీలో సదస్సు జరిగింది. 1974లో జి. పార్థసారథి అధ్యక్షతన వేసిన కమిటీ జాతీయ స్థాయిలో ఒకటి పెట్టమంది. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది, ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. ఆ సిఫారసు ఏళ్ళ తరబడి కదల్లేదు.

ఇక్కడ నిడమనూరు వైపు ఒకసారి చూడాలి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట పోయి మాగాణి వచ్చింది. మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. పని పెరిగింది, డబ్బు ఆడింది, దాంతో బడి మానేసిన పిల్లలూ పెరిగారు. ఏడో తరగతిలోనో పదిలోనో ఆగిపోయి నాటుకో, మిల్లుకో, లారీ మీదికో వెళ్ళిన వాళ్ళు 1980 వచ్చేసరికి ఇరవైలు, ముప్పైల్లో ఉన్నారు. లోకం చూశారు, లెక్క తెలుసు, పేపరు చదువుతారు. పట్టా మాత్రం లేదు. ప్రమోషన్ దగ్గర ఆగిపోయిన కానిస్టేబులు, బాలవాడీ టీచరు, పంచాయతీ గుమాస్తా అంతా ఈ లెక్కలోకే వస్తారు. రెగ్యులర్ కాలేజీ వీళ్ళ వయసు చూసి, కరస్పాండెన్స్ కోర్సు వీళ్ళ సర్టిఫికెట్టు చూసి తలుపు వేసేవి.

వీళ్ళ అదృష్టం కొద్దీ అప్పటి ఉస్మానియా ఉపకులపతి జి. రాంరెడ్డి. ఆయన ప్రభుత్వ పాలనా శాస్త్రం ఆచార్యుడు, పంచాయతీ రాజ్ మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్నవాడు. అంటే ఊళ్ళు తిరిగిన ప్రొఫెసరు. ఉస్మానియాలో కరస్పాండెన్స్ కోర్సులు మొదలైంది ఆయన హయాంలోనే కాబట్టి వాటి లోటుపాట్లు ఆయనకు చేతికంటిన విషయం. రాష్ట్ర ప్రభుత్వం ఓపెన్ యూనివర్సిటీ సాధ్యాసాధ్యాలు తేల్చమని ఆయన అధ్యక్షతన కమిటీ వేసింది. అప్పటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామిరెడ్డి. ఆయన ఆ కుర్చీలో కూర్చున్నది 1982లో ఏడు నెలలే. ఆ ఏడు నెలల్లోనే నివేదిక రావడం, చట్టం కావడం, 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలయడం జరిగిపోయాయి. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంకొక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో! సెప్టెంబరులో ముఖ్యమంత్రి మారారు, 1983 జనవరిలో పార్టీయే మారింది. కానీ అప్పటికి చట్టం చేతిలో ఉంది, తొలి ఉపకులపతిగా రాంరెడ్డి కుర్చీలో ఉన్నారు. కాలం కలిసిరావడం అంటే ఇదే.

హైదరాబాదు సోమాజిగూడలోని యూనివర్సిటీ ఆఫీసులో కూర్చున్న వాళ్ళ ముందు ఇప్పుడు పాత ప్రశ్న కొత్త రూపంలో నిలబడింది. ఇంటర్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి నెగ్గితే చేర్చుకుంటామన్నారు. బాగానే ఉంది. వచ్చినవాడికి మొదటి రోజే అర్థశాస్త్రంలో గిరాకీ రేఖలు గీయిస్తే? నారు పోయకుండా నాటు వేయడమే. అందుకే మొదటి సంవత్సరం నుంచి ప్రత్యేక సబ్జెక్టుల బరువు తీసి ఫౌండేషన్ కోర్సులు పెట్టారు: ఇంగ్లిషు, తెలుగు లేదా మరో భాష, సామాజిక శాస్త్రాలు, సైన్సు-సాంకేతిక విజ్ఞానం. బీఏ వాడైనా బీకామ్ వాడైనా ఈ గుమ్మంలోంచే లోపలికి రావాలి.

రాధాకృష్ణన్ కమిషన్ 1949లో అడిగింది కూడా ఇదే కదా! ముప్పై మూడేళ్ళు కొలిక్కి రానిది ఇక్కడ ఎలా వచ్చింది? నాకు తోచే కారణం ఒకటే. ఈ యూనివర్సిటీకి గంటల కోసం కొట్లాడే పాత డిపార్టుమెంట్లు లేవు. క్లాసు గదులు లేవు, టైంటేబులు లేదు. విద్యార్థికి ఏది ఉంటే మంచిదని కాకుండా, ఏది లేకపోతే ముందుకు సాగలేడని ఆలోచించాల్సి వచ్చింది. పెద్ద యూనివర్సిటీలు సాధారణ విద్యను అలంకారంగా తలచాయి. ఇక్కడ అది లేకపోతే రెండో ఏడు నడవదు.

ఇక పాఠం రాసే పద్ధతి. ఇదీ తేలిగ్గా కుదరలేదు. మన ప్రొఫెసర్లకు ఉపన్యాసం తెలుసు, వ్యాసం తెలుసు. పక్కన ఎవరూ లేకుండా, రాత్రి బల్బు కింద ఒంటరిగా కూర్చుని చదివే నడివయసు మనిషికి రాయడం తెలియదు. ఆ పాఠ్యపుస్తకం ఒకటి తెరిచి చూడండి. కోర్సు చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి ఉంటుంది. భాగం మొదట్లోనే, ఇది చదివాక మీకు ఏమేం చేతనవుతాయో జాబితా. నాలుగైదు పేజీలు నడిచాక ఒక ప్రశ్న, దాని కింద జవాబు రాసుకోవడానికి గీతలు గీసిన ఖాళీ. రాశాక వెనక్కి తిప్పి భాగం చివర ఉన్న జవాబుతో పోల్చుకోవాలి. మేష్టారు చేసే పని కాగితమే చేయాలి. ఒకరు రాస్తే ఇంకొకరు సరిదిద్దడం, భాష చూసేవాళ్ళు వేరే ఉండడం అనే ఇంగ్లండు పద్ధతిని మన వీలుకు తగ్గట్టు మలచుకున్నారు. పారిభాషిక పదాల కోసం మరీ తడుముకోవాల్సిన పని లేకపోవడం ఇంకో అదృష్టం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అప్పటికే డిగ్రీ స్థాయి పుస్తకాలు, పదకోశాలు వేసి ఉంది. అయినా నిజం చెప్పుకోవాలి: ఆ పాఠాల్లో తెలుగు చాలాచోట్ల బిగుసుకుపోయే ఉండేది. మిల్లు గుమాస్తాకి పేరాను రెండోసారి చదవక తప్పేది కాదు.

పుస్తకం ఒక్కటే సరిపోదని మొదటే గ్రహించారు. కొత్త భవనాలకు డబ్బు లేదు. ఉన్న ప్రభుత్వ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా పిల్లలు కూర్చున్న బెంచీల మీద ఆదివారం పెద్దలు కూర్చున్నారు. పాఠం చెప్పేవారిని లెక్చరర్ అనకుండా కౌన్సిలర్ అన్నారు, ఎందుకంటే ఆయన పని పాఠం మళ్ళీ చదవడం కాదు, సందేహం తీర్చడం. సెంటర్లో ఆడియో క్యాసెట్లు, ఆకాశవాణిలో పాఠాలు. నిడమనూరులో ఆదివారం తెల్లారగానే టిఫిను డబ్బా కట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కి, అవసరమైతే నల్లగొండ దాకా వెళ్ళిన వాళ్ళు ఉన్నారు. డ్యూటీ మార్చుకుని వచ్చిన కండక్టరు, చంటిపిల్లను తల్లికి అప్పజెప్పి వచ్చిన టీచరమ్మ ఒకే బెంచీ మీద. “సార్, ఈ ఇంగ్లిషు ఒక్కటి గట్టెక్కించండి సార్, మిగతాయి మేం చూసుకుంటం” అన్న మాట వినని కౌన్సిలర్ ఉండడు. ఫౌండేషన్‌లో చాలామందిని నిలబెట్టేసిన కొండ ఇంగ్లిషే. చేరిన వాళ్ళందరూ పట్టా దాకా రాలేదు, మధ్యలో ఆగిపోయిన వాళ్ళు ఎక్కువే. గైడ్లు కూడా త్వరగానే బజారులోకి వచ్చాయి.

నాకు ఇంకో అసంతృప్తి ఉంది. రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం కావడంతో సైన్సు పునాది ఊరి నేలను తాకడానికి వీలు చిక్కలేదు. నల్లగొండ జిల్లా మనిషికి సైన్సు చెప్పాలంటే తన బావి నీళ్ళలోని ఫ్లోరైడు కంటే మంచి పాఠం ఏముంది? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. నాగపూర్ పరిశోధకులు రూపొందించిన ఆ పద్ధతి మన జిల్లా పేరు మోస్తూ ఆఫ్రికా దాకా వెళ్ళింది. దాన్ని ముందు పెట్టుకుని ఆమ్లం, క్షారం, అవక్షేపం చెప్పుకుంటూ పోతే ఏ పెద్దమనిషికైనా ఎక్కుతుంది.

అయినా ప్రయోగం నెగ్గింది. ఎంత నెగ్గిందంటే, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి తొలి ఉపకులపతిగా రాంరెడ్డినే పిలిచారు. అక్కడి డిగ్రీలోనూ మానవీయ-సామాజిక శాస్త్రాల్లో ఒకటి, సైన్సు-సాంకేతికాల్లో ఒకటి ఫౌండేషన్ కోర్సులు వచ్చాయి. ఆ సైన్సు కోర్సు సైన్సు చరిత్రతో మొదలై విశ్వం, జీవం, పర్యావరణం, వ్యవసాయం, ఆరోగ్యం మీదుగా సాగేది. చరిత్ర చదివేవాడికి సైన్సు చెప్పడం ఎలాగన్న 1949 నాటి దిగులుకు అంతకంటే మంచి జవాబు మన దేశంలో ఇంకొకటి నేను చూడలేదు. 1991లో రాంరెడ్డి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుడయ్యారు. 1991లోనే హైదరాబాదులోని ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. బడిలో బెంచీ మీదికి రానివ్వని కాలాన్ని దాటి వచ్చిన మహానుభావుడి పేరు ఈ సంస్థకు అతికినట్టు సరిపోయింది.

రెగ్యులర్ కాలేజీల సంగతేమిటంటే, భారతీయ వారసత్వం-సంస్కృతి, సైన్సు-నాగరికత వంటి పేపర్లు మన రాష్ట్రంలోనూ వచ్చాయి. పరీక్ష ముందు రాత్రి పేపర్లుగానే చాలామందికి గుర్తుండిపోయాయి. పర్యావరణ విద్య అన్ని డిగ్రీల్లోకీ రావడానికి మాత్రం ఏ విశ్వవిద్యాలయ కమిటీ కారణం కాదు. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పన్నెండేళ్ళు గడిచాక 2003లో మళ్ళీ గట్టిగా చెబితే గానీ అది అందరికీ తప్పనిసరి పాఠం కాలేదు.

రాంరెడ్డి 1995లో కన్నుమూశారు. ఉస్మానియాలో దూరవిద్యా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చడానికి కమిటీలు ఇంకా కూర్చుంటూనే ఉన్నాయి, నైపుణ్యాలంటారు, విలువలంటారు, క్రెడిట్లంటారు. ఆ కమిటీల్లో ఉండే పెద్దలకు ఒక మనవి. మీలో ఒకరుగా మిర్యాలగూడలోనో కోదాడలోనో సూర్యాపేటలోనో ఏళ్ళ తరబడి ఆదివారం క్లాసులు చెప్పిన కౌన్సిలర్ ఒకరిని, ఆ బెంచీ మీద కూర్చుని పట్టా పుచ్చుకున్న విద్యార్థి ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఏ పాఠం ముందుండాలో వాళ్ళు మీకంటే త్వరగా చెబుతారు.